రెండు పోర్షన్ల ఓనరు

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతో పైన ఇంకో అంతస్తు లేపి, దాన్ని రెండు పోర్షన్లు చేసి అద్దెకివ్వడం హైదరాబాద్ మధ్యతరగతి తనకు తాను రాసుకున్న పింఛను పథకం. ఉప్పల్, వనస్థలిపురం, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, ఏ కాలనీలోకి వెళ్ళినా నూటయాభై, రెండొందల గజాల్లో నిలబడ్డ జీ ప్లస్ టూ ఇళ్ళు చాలావరకు ఈ ఆలోచనలోంచి లేచినవే. కట్టించినవాళ్ళు వ్యాపారులు కారు. స్కూలు టీచర్లు, బ్యాంకు క్లర్కులు, ఆర్టీసీ మెకానిక్కులు, ఫ్యాక్టరీల్లో పనిచేసి దిగిపోయిన ఫోర్‌మన్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి 27కు పైగా అద్దె ఇళ్ళలో ఉంటున్నాయి. వాళ్ళలో ఎక్కువమందికి నీడనిస్తున్నది కంపెనీలు కావు, ప్రభుత్వమూ కాదు, ఇలాంటి ఓనర్లే.

అదే జనాభా లెక్కల్లో ఇంకో అంకె ఉంది. పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్ళు ఖాళీగా కనిపించాయి. అద్దె ఇల్లు దొరక్క జనం తిరుగుతున్న ఊళ్ళలోనే ఇన్ని తాళాలు ఎందుకున్నాయంటే నిపుణులు రెండు కారణాలు చెబుతారు. అద్దె మీద వచ్చేది తక్కువ, అద్దెదారు మీద భయం ఎక్కువ. మొదటిది నిజం, కొన్ని మినహాయింపులతో. రెండోదాన్ని కాస్త విప్పి చూడాలి. కొత్తగా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ కష్టాలను వరసగా పేర్చుకుంటూ పోతే నాకు తట్టేది ఒకటే. వాళ్ళ భయాలు ఒక పక్క, వాళ్ళ డబ్బు పోయే తోవలు మరో పక్క. భయమంతా మనిషి మీద, నష్టమేమో ఇంటి వల్లా, క్యాలెండరు వల్లా, కాగితాల వల్లా.

ముందు లెక్క చూద్దాం. డెబ్భై లక్షల ఫ్లాటుకు నెలకు ఇరవై వేల అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 2.4 లక్షలు. నూటికి మూడున్నర కూడా రాలేదు. ఇందులోంచి ఆస్తి పన్ను, సొసైటీ మెయింటెనెన్స్‌లో ఓనరు వంతు, రంగులు, రిపేర్లు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయాలి. మిగిలేది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ముందు వెలవెలబోతుంది. యాభై లక్షలు అప్పు చేసి కొంటే ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ళకు, ఈఎంఐ నలభై మూడు వేల పైమాటే. అద్దెతో ఈఎంఐ కట్టేసుకోవచ్చని చెప్పే బిల్డరు మనిషి ఈ లెక్క చెప్పడు. ఫ్లాటు మీద లాభమంటూ ఉంటే అది పెరిగే ధరలో ఉండాలి, అద్దెలో కాదు.

సొంతింటి మీద వేసుకున్న అంతస్తు సంగతి వేరు. స్థలం ఎప్పుడో కొన్నది, పునాది ఎలాగూ ఉన్నది. వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు రెండు వేల చొప్పున వేసుకున్నా ఇరవై లక్షలు. నెలకు పదిహేను వేలు వస్తే తొమ్మిది శాతం. కనుక పైన అంతస్తు వేసుకున్న టీచరుగారు అమాయకుడేమీ కాదు. పెట్టుబడి కోసమని ఊరి చివర రెండో ఫ్లాటు కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కంటే ఆయన లెక్కే నిలబడుతుంది. కాకపోతే అంతస్తుకు అనుమతి ఉండాలి. ప్లానులో లేని పెంట్‌హౌస్ వేసి అద్దెకిచ్చి, తర్వాత ఆస్తి పన్ను మీద పెనాల్టీ కడుతూ, రెగ్యులరైజేషన్ పథకం ఎప్పుడొస్తుందా అని పేపరు చూసేవాళ్ళు ప్రతి కాలనీలోనూ ఉన్నారు.

కొత్తవాళ్ళు సాధారణంగా తప్పటడుగు వేసేది అద్దె పెంచేటప్పుడు. పదిహేను వేలిస్తున్న కుటుంబాన్ని పదహారు వేలివ్వమంటే ఏడాదికి వచ్చేది పన్నెండు వేలు. వాళ్ళు ఖాళీ చేసి, ఇల్లు ఒక్క నెల ఊరికే ఉంటే పోయేది పదిహేను వేలు, మళ్ళీ సున్నాలూ రంగులూ అదనం. ఆ ఒక్క నెల ఆషాఢమైతే ఇక చెప్పక్కర్లేదు. ఆషాఢంలో, పుష్యంలో పాలు పొంగించేవాళ్ళు అరుదు. వేసవి సెలవుల్లో ఇల్లు చేతికొస్తే పిల్లల బడులు తెరిచేలోపు ఎవరో ఒకరు దిగుతారు. జూన్ దాటి ఆషాఢం పడ్డాక ఖాళీ అయితే శ్రావణం దాకా టులెట్ బోర్డు వానకు తడవాల్సిందే. దక్షిణం వాకిలి పోర్షన్‌కు ఇంకో రెండు వారాలు కలుపుకోవాలి. వాస్తు మీద ఓనరుకు నమ్మకం లేకపోవచ్చు. అద్దెకొచ్చేవాళ్ళకు ఉంటే చాలు, అద్దె తగ్గడానికి.

ఖాళీ నెలల లెక్క ఎంత దూరం పోగలదో కరోనా వచ్చిన 2020 చూపించింది. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దెలను వాయిదా వేయాలని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని ఓనర్లను ఆదేశించింది. అద్దెదారులకు అది ఊపిరి. ఈఎంఐ కడుతున్న ఓనర్లకు బ్యాంకు మారటోరియం ఇచ్చింది కానీ వడ్డీ ఆగలేదు. అసలు దెబ్బ తర్వాత పడింది. ఇంటి నుంచే పని మొదలవగానే మాదాపూర్, కొండాపూర్ కుర్రాళ్ళు సామాన్లు సర్దుకుని సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. అద్దె తప్ప వేరే ఆదాయం లేని పెద్దవాళ్ళకు పింఛను పథకం అన్న మాటలో లోపం అప్పుడు కనిపించింది. పింఛను ఆగదు, అద్దె ఆగుతుంది.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం. ఈ విషయంలో ఓనర్లు తమను తాము గట్టివాళ్ళమనుకుంటారు. గేటు దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి. ఫ్యామిలీయా, బ్యాచిలరా? ఎంతమంది? ఏం ఉద్యోగం? నాన్‌వెజ్ తింటారా? ఏ ఊరు, ఇంటిపేరేమిటి? చివరి రెండు ప్రశ్నలూ కులం తెలుసుకోవడానికని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. సుఖదేవ్ థొరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసరాల అద్దె ఇళ్ళ మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇల్లు వెతుక్కునే దళితులకూ, ముస్లింలకూ మిగతావాళ్ళ కంటే తలుపులు ఎక్కువగా మూసుకుంటాయని అది చూపింది. హైదరాబాద్‌కు అలాంటి అధ్యయనం కావాలా అంటే, ఇల్లు వెతుక్కున్న ఎవరినైనా అడిగితే సరిపోతుంది.

ఇది అన్యాయం అన్న సంగతి అలా ఉంచి వ్యాపారంగా చూసినా తెలివితక్కువే. అద్దె సమయానికి కడతాడా, గోడలు పాడుచేయకుండా ఉంటాడా అన్నది ఇంటిపేరు చెప్పదు. పాత ఓనరు నంబరు అడిగి ఒక్క ఫోన్ చేస్తే తెలుస్తుంది. కులం గురించి పది ప్రశ్నలు వేసినవాళ్ళు కూడా ఆ ఫోన్ చేయరు. ఉద్యోగం చేస్తున్న చోటు నిజమో కాదో చూసుకోవడం, ఆధార్ కాపీ తీసుకోవడం, వివరాలు పోలీసులకు ఇవ్వడం, ఇవన్నీ చేసేది ఏదో జరిగిందని పేపర్లో పడ్డ వారమే.

ఇంకొక సంగతి రాయడానికే కష్టంగా ఉంటుంది. అద్దె ఇంట్లో చావు జరిగితే శవాన్ని గడప లోపలికి రానివ్వని ఓనర్లు మన దగ్గర ఉన్నారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన మనిషిని రోడ్డు పక్కన టెంటు కింద, వానలో, శ్మశానం గేటు దగ్గర పడుకోబెట్టుకుని ఏడ్చిన కుటుంబాల కథనాలు తెలంగాణ జిల్లా పేజీల్లో ఏటా వస్తూనే ఉంటాయి. ఓనరు రాక్షసుడేం కాడు. మైల, తర్వాత ఎవరూ అద్దెకు దిగరన్న బెదురు, ఇంట్లో పెద్దవాళ్ళ ఒత్తిడి అన్నీ కలిసి అతన్ని గేటు దగ్గర నిలబెడతాయి. కొత్త ఓనరు ఇల్లు ఇచ్చే రోజునే ఈ ప్రశ్నకు తనలో తాను జవాబు చెప్పుకోవాలని నా అభిప్రాయం. ఆ గడియలో ఆలోచించి చెప్పే జవాబు ఎప్పుడూ మంచిది కాదు.

మనిషిని దింపుకున్నాక అసలు పని ఇంటితో. సంపు, మోటారు, పైన ట్యాంకు, ఈ మూడింటి చుట్టూ తిరిగేదే ఓనరు దినచర్య. తెల్లారి ఆరింటికి, "అంకుల్, నీళ్ళు రావట్లేదు, మోటార్ వేస్తారా?" అని మెట్ల మీద నుంచి కేక. వేస్తే ఆపడం గుర్తుండాలి. ఏప్రిల్‌లో బోరు గాలి తోడుతుంది, ట్యాంకరు పిలవాలి. ఆ ట్యాంకరు డబ్బు ఎవరిదని అగ్రిమెంటులో రాసుకోలేదు గనుక అక్కడ మొదటి గొడవ. తలకింత అని పంచుదామంటే పైవాళ్ళు ఇద్దరు, కిందివాళ్ళు ఆరుగురు. పోర్షన్‌కింత అంటే పైవాళ్ళకు కోపం. హైదరాబాద్ జలమండలి 2021 నుంచి ఇంటి నల్లాకు నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది, మీటరు ఉండి, ఆధార్ జతచేస్తే. ఆ పని చేసుకోకుండా బిల్లు కడుతున్న ఓనర్లు పోర్షన్‌కు మూడొందలు వాటర్ ఛార్జీ అని గుండుగుత్తగా వసూలు చేస్తుంటారు.

కరెంటు విషయంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. ఖర్చు తప్పుతుందని ఇల్లంతటికీ ఒకే మీటరు పెట్టించి, పోర్షన్లకు బజారులో కొన్న సబ్‌మీటర్లు బిగిస్తారు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్‌తో లెక్కేద్దాం. రెండు పోర్షన్లు, ఒక్కోటి నెలకు 150 యూనిట్లు. వేర్వేరు మీటర్లయితే మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి యాభైకి 4.80 చొప్పున ఒక్కొక్కరికి 580 రూపాయలు, ఇద్దరికీ కలిపి 1,160. ఒకే మీటరు మీద 300 యూనిట్లు పడితే మొదటి రెండొందలకు 5.10, తర్వాతి వందకు 7.70, మొత్తం 1,790. వాడింది అంతే, నెలకు 630 రూపాయలు గాలికి పోయాయి. ఏసీ నడిచే నెలల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు, అద్దెకున్నవాళ్ళకు కూడా. విడి మీటరు లేని పోర్షన్‌లో ఉన్నవాళ్ళకు ఆ లాభం దక్కదు. ఇల్లు చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు కిచెన్ గట్టు కంటే ముందు మీటరు బోర్డు చూస్తున్నారంటే ఆశ్చర్యం లేదు.

రిపేర్ల గురించి చెప్పుకోవాలంటే పెద్ద సిద్ధాంతమేం లేదు. పై బాత్‌రూమ్ లీకైతే కింది గోడ చెమ్మగిల్లుతుంది, ప్లంబరు రేపొస్తానంటాడు. ఏది ఎవరి ఖర్చన్నది మాత్రం తెలిసి ఉండాలి. పైపులు, స్లాబు, వైరింగు ఓనరువి. బల్బులు, ట్యాపు వాషర్లు, విరగ్గొట్టిన స్విచ్చులు ఉన్నవాళ్ళవి. ఈ గీత కాగితం మీద పడని చోట అడ్వాన్సు దగ్గర గొడవ తప్పదు. హైదరాబాద్‌లో అడ్వాన్సు మామూలుగా రెండు నెలలు. బెంగళూరులో పది నెలలు తీసుకునే అలవాటు ఉందని మన ఓనర్లు అసూయపడుతుంటారు. అయితే ఆ రెండు నెలలూ ఓనరుకు రక్షణ కాదన్నది కొత్తవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది. ఖాళీ చేస్తామని చెప్పగానే, "అడ్వాన్స్‌లో పట్టుకోండి ఆంటీ" అని అద్దె ఆపేస్తారు. సామాను దిగిపోయాక తలుపు వెనక మేకుల కన్నాలు, పగిలిన వాష్‌బేసిన్, కట్టని కరెంటు బిల్లు కనిపిస్తాయి. అప్పటికి చేతిలో రూపాయి ఉండదు. చివరి నెల అద్దె విడిగా తీసుకుని, తాళాలు ఇచ్చిన రోజు ఇల్లు కలిసి చూసి అడ్వాన్సు వెనక్కిస్తామని మొదట్లోనే రాసుకుంటే, దిగిన రోజు గదుల ఫోటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంటే, ఈ చికాకు చాలావరకు ఉండదు. ఇందులో అద్దెదారుకూ రక్షణే. అడ్వాన్సు మొత్తం రంగుల పేరు చెప్పి మింగేసే ఓనర్లకు కూడా మన దగ్గర కొదవ లేదు.

ఇప్పుడు కోర్టులూ చట్టాలూ. కొత్త ఓనర్లకు నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది. పన్నెండేళ్ళుంటే ఇల్లు వాడిదైపోతుందట అని. పన్నెండేళ్ళ గడువు చట్టంలో ఉన్నమాట నిజం. కానీ అది యజమాని హక్కును కాదని బాహాటంగా ఆక్రమించుకున్నవాడి సంగతి. అద్దె కడుతూ ఓనరు అనుమతితో ఉన్నవాడు ఎన్నేళ్ళున్నా అద్దెదారే. అద్దె ఒప్పందం రద్దయినప్పటి నుంచి పన్నెండేళ్ళలోపు దావా వేయకపోతేనే ఓనరుకు చిక్కు. ఏళ్ళ తరబడి అద్దె రశీదో బ్యాంకు ఎంట్రీయో లేకుండా చేతి డబ్బు తీసుకున్నవాళ్ళు భయపడాల్సింది గడువుకు కాదు, తమ దగ్గర రుజువు లేకపోవడానికి.

రెండో అపోహ రెంట్ కంట్రోల్. హైదరాబాద్ రాష్ట్రానికి 1954లో, మద్రాసు రాష్ట్రానికి 1949లో వేర్వేరు అద్దె చట్టాలుండేవి. వాటి స్థానంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960లో ఒకే చట్టం తెచ్చింది. తెలంగాణలో ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్నది అదే. కానీ 2005 సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెల్ని దాని నుంచి తప్పించింది. ఆ డబ్బుకు ఇవాళ నగరంలో కారు షెడ్డు రాదు. అంటే ఓనర్లు శాపనార్థాలు పెట్టే చట్టం వాళ్ళలో చాలామందిని తాకనే తాకదు. వాళ్ళకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. నెలవారీ అద్దె అయితే పదిహేను రోజుల నోటీసు, అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో దావా. నోటీసు పదిహేను రోజులే, దావా మాత్రం ఏళ్ళు.

మూడోది పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలన్న నియమం తప్పించుకోవడానికి దేశమంతా వాడే ఉపాయం ఇది. మన దగ్గర మాత్రం ఇది పారదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసుకున్న సవరణతో కాలపరిమితితో పని లేకుండా స్థిరాస్తి లీజులన్నీ రిజిస్ట్రేషన్ కిందికి వచ్చాయి. జిరాక్స్ షాపులో వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి ఇద్దరు సంతకాలు పెట్టుకున్న ఒప్పందాన్ని, అందులోని షరతులకు రుజువుగా కోర్టు తీసుకోదు. అతను అద్దెదారుగా ఇంట్లోకి వచ్చాడని చూపించడం లాంటి పక్క విషయాలకే పనికొస్తుంది. ఏటా పది శాతం పెంపు, రిపేర్ల పంపకం, ఖాళీ చేసే గడువు, ఓనరు కష్టపడి రాయించుకున్నవన్నీ గాల్లో దీపాలే. రిజిస్ట్రేషన్‌కు అయ్యే ఖర్చు ఒక నెల అద్దెలో చిన్న భాగం. ఆఫీసుకు వెళ్ళాలన్న బద్ధకం, అద్దె అంకె ప్రభుత్వానికి తెలుస్తుందన్న జంకు, ఈ రెండే అడ్డం.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ చిక్కుముడుల్ని విప్పాలని చూసింది. ఒప్పందం రాతపూర్వకంగా రెంట్ అథారిటీకి తెలపాలి. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు. గడువు దాటినా ఖాళీ చేయనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి. ఓనరు ఇంట్లోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి. ఈ చివరి నియమం మన పోర్షన్ల ఓనర్లకు మింగుడు పడటం కష్టం, తలుపు తోసుకుని వచ్చి గోడలు చూసిపోవడం హక్కనుకుంటారు గనుక. అద్దెల విషయం రాష్ట్రాల చేతిలోది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఈ నమూనాకు దగ్గరగా చట్టాలు మార్చుకున్నాయని కేంద్రం చెప్పింది. తెలంగాణ ఇంకా ఆ పని చేయాల్సి ఉంది.

కోర్టు నెమ్మది కాబట్టి జనం వేరే దారులు పట్టారు. బస్తీ పెద్దమనిషి, కార్పొరేటరు, తెలిసిన ఎస్సై. ఎవరూ దొరక్కపోతే నల్లా బంద్ చేయడం, ఫ్యూజు పీకడం. నీళ్ళూ కరెంటూ ఆపడాన్ని 1960 చట్టమూ నమూనా చట్టమూ రెండూ నిషేధించాయి. ఇలా ఫ్యూజు పీకిన ఓనరు అంతవరకూ న్యాయం తన వైపున్నా స్టేషన్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మొండి అద్దెదారుకు నాలుగు నెలల బకాయి వదిలేసి తాళాలు తీసుకోవడం చాలాసార్లు చవక బేరం. వినడానికి చేదుగా ఉంటుంది, లాయరు ఫీజు లెక్కేసుకుంటే అర్థమవుతుంది.

ఆదాయపు పన్ను దగ్గర కూడా భయం అవసరానికి మించి ఉంది. "పాన్ నంబరు మాత్రం అడక్కు బాబూ, కావాలంటే అద్దె ఐదొందలు తగ్గించుకో" అనే ఓనర్లు ఎందరో. అద్దె ఏడాదికి లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరే ఉద్యోగి ఓనరు పాన్ ఇవ్వక తప్పదు. ఇంతా చేసి ఓనరు కట్టాల్సింది ఎంత? వచ్చిన అద్దెలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో ముప్ఫై శాతం ఏ బిల్లులూ చూపకుండానే మినహాయించుకోవచ్చు. అప్పుంటే దాని వడ్డీ కూడా పోతుంది. వేరే ఆదాయం లేని రిటైరైన దంపతులకు రెండు పోర్షన్ల అద్దె మీద చాలాసార్లు పన్నే పడదు. ఐదొందలు తగ్గించి ఏడాదికి ఆరు వేలు వదులుకున్నది లేని పన్ను ఎగ్గొట్టడానికన్నమాట.

నిజంగా జాగ్రత్తపడాల్సినవాళ్ళు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ హైదరాబాద్‌లో, విజయవాడలో ఫ్లాట్లు కొన్న మనవాళ్ళు. ఇక్కడ ఉన్న ఓనరుకు నెల అద్దె యాభై వేలు దాటితేనే అద్దెదారు పన్ను కోయాలి, అదీ 2024 అక్టోబరు నుంచి రెండు శాతమే. ఓనరు ప్రవాస భారతీయుడైతే అద్దె పదివేలైనా సరే, సెస్‌తో కలిపి నూటికి 31 పైచిలుకు కోసి ప్రభుత్వానికి జమచేసే బాధ్యత అద్దెదారుది. తక్కువ కోయించుకోవాలంటే ఓనరు ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కొడుకు ఫ్లాటు అద్దె నాన్న ఖాతాలో వేయించుకుంటూ, సొసైటీ మీటింగులకు నాన్నే వెళుతూ, ప్లంబర్నీ నాన్నే పిలుస్తూ బండి నడిచిపోతుంటుంది గనుక ఈ సంగతి రెండు పక్కలా ఎవరికీ పట్టదు. పన్ను కోయలేదని నోటీసు వస్తే మాత్రం అది వచ్చేది అద్దెకున్నవాడికి. కాస్త లోకం తెలిసిన అద్దెదారులు ఇప్పుడు ఫ్లాటు చూసి, బాల్కనీ చూసి, చివర్లో ఓనరుగారు ఏ దేశంలో ఉంటారని కూడా అడుగుతున్నారు. డాలస్ అని చెప్పగానే పక్క బ్లాకులో ఇంకో ఫ్లాటు ఉందేమో చూడమని బ్రోకరుతో అంటున్నారు.